బయట తాళం, లోపల చదువు

నేను ఇంటర్మీడియట్‌లో లెక్కల గ్రూపు చదివిన రెండేళ్లూ నా భవిష్యత్తు గురించి సలహా ఇవ్వని మనిషి ఒక్కడే, మా నాయన. తక్కినవాళ్లందరూ ఇచ్చారు. తక్కినవాళ్లంటే ఇంటికి వచ్చిపోయే చుట్టాలు. తిరుపతిలో బస్టాండుకు దగ్గరగా సొంతిల్లు, దేవస్థానంలో చిన్న గుమాస్తా కొలువు, ఎవరికీ లేదని చెప్పలేని నోరు. ఈ మూడూ ఒకే మనిషికి ఉంటే ఆ ఇల్లు సత్రం కాక ఏమవుతుంది?

కొండకు పోయేముందు ఒక పూట, దిగి వచ్చాక ఒక పూట చుట్టాలు మా ఇంట్లోనే నడుం వాల్చేవారు. గుండు చేయించుకుని, చందనం పూసుకుని, తీరుబడిగా కూర్చున్న మనిషికి ఎదుటి పిల్ల చదువు గురించి మాట్లాడాలనిపిస్తుంది కాబోలు. చిత్తూరు నుంచి వచ్చిన ఒకాయన పశువుల డాక్టరు చదువే మేలన్నాడు, రోగి ఎదురు మాట్లాడదు కదా అని. ఇంకొకాయన పాలిటెక్నిక్ అన్నాడు. మరొకాయన వ్యవసాయ కాలేజీ అన్నాడు. లెక్కల గ్రూపువాళ్లకు పశువుల చదువూ, వ్యవసాయమూ దొరకవని ఎవరికీ పట్టలేదు. అందరికీ నాయన జవాబు ఒకటే. "అదీ నిజమే కదబ్బా" అనేవాడు. దాంతో నేను పడుకునేటప్పుడు పశువుల డాక్టర్ని, తెల్లారి కాఫీ వేళకు ఓవర్సీర్ని.

నాకు కావలసింది మాత్రం ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. కరెంటు పోతే అందరూ విసనకర్ర వెతుక్కునేవారు. నేను వీధిలోకి పరుగెత్తి, స్తంభమెక్కిన మనిషిని చూస్తూ నిలబడేదాన్ని. ఆ తీగల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలని నాకు పిచ్చి. ఈ సంగతి అమ్మకు చెప్పాను. నాయనకు చెబితే అదీ నిజమే అంటాడు, ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు తెలుసు.

నా ఆశకు అడ్డం వచ్చింది గూడూరు పెదనాయన. నాయనకు సొంత అన్న, నిమ్మకాయల వ్యాపారి. ఆయన కొడుకూ నాలాగే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు తయారవుతున్నాడు. కొడుక్కి ఇంజనీరింగు, నాకు బి.ఎస్సీ. అని ఆయన మా ఇంట్లో కూర్చునే తేల్చేశాడు. ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా అని అడిగాడు. నాయన అదీ నిజమే అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పరీక్ష దగ్గర పడేసరికి ఇంకో చిక్కు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో పరీక్ష రాసే పిల్లలందరూ హాల్‌టికెట్టు పట్టుకుని స్వామి దర్శనానికి బయల్దేరారు. వాళ్లలో మాకు చుట్టరికం కలవనివాడు లేడు. నా సీటు తన్నుకుపోవడానికి వచ్చినవాళ్లకు నేనే నీళ్లు తోడి, కాఫీ కలిపి ఇచ్చేదాన్ని. వాళ్లు మా చాపల మీద పడుకుని సూత్రాలు వల్లిస్తుంటే నేను వంటింట్లో దోసెలు తిప్పుతున్నాను. దేవుడికైనా ఇది న్యాయంగా ఉందా అని కోపం వచ్చేది.

నాకంటే ముందు అమ్మకు ఓపిక నశించింది. పరీక్ష వారం ఉందనగా పక్కింటి అవ్వను పిలిచి, మమ్మల్నందరినీ లోపల ఉంచి, వీధి వాకిలికి బయటి నుంచి తాళం వేయించింది. తాళంచెవి అవ్వ రొండిన దోపుకుంది. నాయన దొడ్డివాకిలి గుండా ఆఫీసుకు పోయి, దొడ్డివాకిలి గుండానే దొంగలా ఇంటికి వచ్చేవాడు. వచ్చిన చుట్టాలకు అవ్వ తోచిన ఊరి పేరు చెప్పి పంపేది. పెళ్లికని అరక్కోణం, మొక్కని కాణిపాకం, ఎందుకో చెప్పకుండా మద్రాసు. అన్ని ఊళ్లు మేము జన్మలో తిరగలేదు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం పెదనాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కాణిపాకం పోయారని అవ్వ చెప్పింది. వచ్చేదాకా కాచుకుంటానని ఆయన సంచి దించి అరుగు మీద కూలబడ్డాడు. లోపల పోపు పెట్టబోతున్న అమ్మ మూకుడు దించేసింది. నేను పేజీ తిప్పడం మానేశాను. ఇంటి ముందు తన అన్న ఎండలో కూర్చుంటే నాయన తలుపు వెనక నిలబడి నలిగిపోతున్నాడు.

అంతలో బయట కొడుకు అన్నాడు, "నాయనా, దప్పికగా ఉండాది."

"ఉండబ్బా, నీళ్లు తెస్తా" అన్నాడు మా నాయన లోపలి నుంచి.

అమ్మ నెత్తి కొట్టుకుంది. బయటి నుంచి పెదనాయన గొంతు మెల్లగా లోపల ఎవరని అడిగింది. ఇక దాగడానికి ఏముంది? నాయన కిటికీ తెరిచి, కమ్మీల మధ్య నుంచి ఇద్దరికీ గ్లాసులతో నీళ్లిచ్చాడు. అన్నం తిన్నారా అని కూడా అడిగాడు.

"తాళమేసుకోని లోపల కూసోనుండారే, ఏమైందిరా?" అన్నాడు పెదనాయన.

నాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా ఒళ్లో పుస్తకం చూశాడు. తాళం సంగతి అమ్మ మీదికి తోస్తాడనుకున్నాను.

"నేనే ఏపిచ్చినాను అన్నా. పాప సదువుకుంటా ఉండాది. సీటొస్తే ఇంజనీరింగులోనే సేరుస్తా. పరీక్ష అయ్యేదాకా ఈడ ఎవురికీ తావు లేదు."

లేదు అన్న మాట నాయన నోట వినడం నాకు అదే మొదలు.

పెదనాయన ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. కొడుకు ఆయన చొక్కా లాగి, సత్రంలో అయితే తనూ కొంచెం చదువుకోవచ్చని గొణిగాడు. పెదనాయన వాణ్ణి చూశాడు, తాళాన్ని చూశాడు. తర్వాత సంచి విప్పి నిమ్మకాయలు కమ్మీల సందులోంచి ఒక్కొక్కటిగా లోపలికి ఇవ్వడం మొదలుపెట్టాడు.

"ఎండలు జాస్తిగా ఉండాయి. పాపకు పిండియ్యండి" అన్నాడు.

వాళ్లు పోయాక నాయన కిటికీ మూసి, అన్నం పెట్టకుండా పంపించానే అని కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ సంతోషంతో. అమ్మ మళ్లీ పొయ్యి మీద మూకుడు పెట్టింది.

నాకు సీటు వచ్చింది. పెదనాయన కొడుక్కీ వచ్చింది. చేరే రోజు కాలేజీ ఆవరణలో నాయనకు తెలిసిన పెద్దమనిషి ఎదురై, ఆడపిల్లకు ఈ చదువెందుకు, బి.ఎస్సీ.లో చేర్చకూడదా అన్నాడు.

"అదీ నిజమే కదబ్బా" అన్నాడు నాయన. అని, నా చెయ్యి పట్టుకుని ఫీజు కట్టే కిటికీ వైపు నడిచాడు.