టవల్ కింద మాట

స్మార్ట్‌ఫోన్లు మా ఊళ్ళకు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, పెద్దవాళ్ళు నోటితో చెప్పలేని సంగతులన్నీ ఇక ఫోనే చెప్పేస్తుందని అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే నాకు ఆదోనిలో మొదటి ఉద్యోగం దొరికింది. మీసాలు మొలుస్తున్న మగపిల్లలు ఒంట్లో వచ్చే మార్పుల గురించి పేరు చెప్పకుండా ఒక యాప్‌లో ప్రశ్నలు పంపేవారు. వాటికి జవాబులు రాసే 'అన్న'ను నేను. (నాకప్పటికి పెళ్ళి కాలేదు, మీసమూ అంతంతమాత్రమే. శిక్షణ మాత్రం గట్టిగా ఇచ్చారు.) అడిగినవాడెవరో తెలిసినా తెలియనట్టే ఉండాలన్నది మా మేడం నియమం. ఇంట్లో 'కంప్యూటరు పని' అని చెప్పాను. అందరూ గౌరవించారు.

మా నాయన ఎమ్మిగనూరు సంతలో ఎద్దుల దళారి. బేరమంతా టవల్ కిందే. ఎదుటివాడి చేతి మీద టవల్ కప్పి, లోపల వేళ్ళు నొక్కి ధర చెప్తాడు. పైకి మాత్రం వానల గురించి మాట్లాడుతుంటాడు. ఇంట్లోనూ అంతే, ముఖ్యమైన మాట వస్తే వానలెత్తుకునేవాడు. నా గొంతు బొంగురుపోయిన ఏడాది ఆయన వానల గురించి మాట్లాడినంతగా వాతావరణ శాఖ కూడా మాట్లాడి ఉండదు.

ఒక మధ్యాహ్నం యాప్‌లో ఒక ప్రశ్న వచ్చింది. మైకులో చెప్పి టైపు చేయించినట్టున్నారు, యాస కూడా చెక్కుచెదరలేదు.

"అన్నా, మాది పదైదేండ్ల పిల్లోడు. సుడి మంచిది, కాళ్ళు గట్టివి. గొంతు మారినాది. నాల్గు దినాల నుంచి మేత ముట్టడం ల్యా. మంద ఇడిసి ఒంటిగా నిలబడతాండాడు. నిద్దర్లో లుంగీ తడుస్తాందని, అదేదో రోగమని బయపడి, బస్టాండు గోడ మీద పేరు రాసిన లాడ్జి డాక్టరు కాడికి పోతానని దోస్తుతో అంటాంటే నా సెవిన పడినాది. ఏం సెయ్యల్ల?"

ఎద్దుకు చూసినట్టు సుడి చూసి కొడుకును వర్ణించే తండ్రి జిల్లా మొత్తానికి ఒక్కడే ఉంటాడు. ఆయన పొద్దున నా పక్కనే కూర్చుని రాగిముద్ద తిన్నాడు. మా ఇంట్లో పెద్ద ఫోను ఆయనదే, బడిలో చెప్పారని తమ్ముడు అందులో ఆ యాప్ వేయించాడు. వాడు ముద్ద ముట్టకుండా లేచిపోవడం నేనూ చూశాను, పరీక్షల బెంగ అనుకున్నాను. ఊళ్ళో పిల్లలందరి అన్నకు సొంత తమ్ముడి దిగులు కనిపించలేదు. ముందు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఆ లాడ్జి డాక్టరు వాడికున్న కాస్త ధైర్యం ఊడదీసి, ఏ పొడో మింగిస్తాడు.

"ఇది రోగం కాదు. ఈ వయసులో మగపిల్లలకు సహజంగా జరిగేదే. బలం తగ్గదు, మందు అవసరం లేదు. ఈ మాట మీరే చెప్పండి" అని రాశాను.

"నోటితోనా?"

"నోటితోనే."

దానికి జవాబొచ్చింది: "ఈ యేడు వానలు ల్యాకపాయ అన్నా."

సాయంత్రం ఇంటికి పోయేసరికి నాయన తమ్ముణ్ణి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నాడు. ఇద్దరి చేతుల మీదా టవల్! లోపల వేళ్ళు తెగ నొక్కుతున్నాడు. తమ్ముడు బిక్కచచ్చిపోయాడు.

"నాయనా, నన్ను యాడన్నా అమ్ముతాండావా?"

వంటింట్లో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను విప్పిన చెప్పులే మళ్ళీ విప్పుతూ గడప దగ్గర నిలబడ్డాను. నాయన గొంతు సవరించుకుని, ఎదురుగోడకు చెప్పాడు: "ఏం కాదంటప్పా. రోగం గాదు, రొష్టు గాదు. మందొద్దు. నీ ఈడులో నాకూ అయినాది."

"నీకా?"

"ఆ. ఏమయినాది నాకు? బండ మాదిరి ఉండా."

ఆ పూట తమ్ముడు నా ముద్ద కూడా లాక్కుని తిన్నాడు.

మర్నాడు యాప్‌లో కబురు: "బేరం కుదిరినాది అన్నా. పిల్లోడు మేత ముట్టినాడు. మా పెద్దోనికి ఆ ఈడులో ఈ మాట సెప్పలేకపోతి. వాడెట్ల తెలుసుకున్నాడో, ఎంత బయపడినాడో."

నాకు ఏడుపొచ్చింది. బాగానే భయపడ్డాను, ఆ గోడ మీది పేరు నేనూ చదివినవాణ్ణే. "తెలుసుకునే ఉంటాడు లెండి. ఇప్పుడు బాగున్నాడు" అని రాశాను. దానికాయన, నాకు పెండ్లయిందా, ఎన్నెకరాలుందని విచారించాడు. (మా మేనత్త కూతురికి సంబంధాలు చూస్తున్న రోజులు.)

ఆ ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. నిన్న ఒకటో తరగతి చదివే మా వాడు చుట్టాలందరి ముందు, "నాయనా, నేను అమ్మ కడుపులోకి యాడ్నుంచి వచ్చినా?" అని అడిగాడు. ఎంతమంది పిల్లలకు జవాబులు రాసిన అన్నను నేను! గొంతు సవరించుకున్నాను. చెయ్యి దానంతటదే భుజం మీద టవల్ కోసం వెతికింది. నాకు టవల్ వేసుకునే అలవాటే లేదు.

"ఈ యేడు వానలు..." అన్నాను.

పక్కనే కూర్చున్న నాయన, నా మొహం చూడకుండా, తన టవల్ తీసి నా ఒళ్ళో పడేశాడు.