సున్నా పడ్డ జవాబు

డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న నాకు కంప్యూటర్ కంటే ముందు డిస్క్రీట్ మేథమేటిక్స్ ఎదురైంది. సెట్లు, తర్కం, సంబంధాలు, గ్రాఫులు. ముందు ముందు చదవబోయే వాటన్నిటికీ ఇదే పునాది అన్నారు. ఆ పునాది మాకు దక్కదని సారు మొదటి రోజే తేల్చేశాడు.

"మరాఠీ మీడియం వాళ్లు చేతులెత్తండి" అన్నాడు. ఏడుగురం ఎత్తాం. "మీకు ఇంగ్లిషే రాదు, ఇక లాజిక్ ఏం అర్థమవుతుంది? నేను చెప్పింది రాసుకోండి, బట్టీ పట్టండి, పాసైపోండి."

క్లాసంతా నవ్వింది. ఎత్తిన చెయ్యి దించేలోపే నిర్ణయించుకున్నాను, ఈ సబ్జెక్టులో ఒక్క ముక్క కూడా బట్టీ పట్టనని.

మాది ముంబై దగ్గరి భివండీలో నాగావ్, తెలంగాణ నుంచి నేతపనికి వలస వచ్చిన కుటుంబం. ఇంటి ముందు గదిలో మా నాన్న నాలుగు సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్ మగ్గాలను మేం సాంచాలనే అంటాం. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. అవ్వ నూలు కండెలు చుట్టేది. కళ్యాణ్‌లోని కాలేజీ నుంచి సర్కారు ఎస్టీ బస్సులో ఇంటికి రాగానే అవ్వ పక్కన కూర్చుని, చేతులతో కండెలు అందిస్తూ, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని. సాంచాల చప్పుడులో ఎంత గట్టిగా చదివినా ఎవరికీ వినపడదు. నా ఇంగ్లిష్‌ను చూసి నవ్వేవాళ్లు అక్కడ లేరు.

రెండు నెలలు 'ఎనీ' అనే ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ప్రతి నిరూపణా 'ఎనీ ఎలిమెంట్' అంటూ మొదలయ్యేది. ఏదో ఒకటా, అన్నీనా? చివరికి అర్థమైంది. ఏది తీసుకున్నా మాట నిలబడాలి. మనం మరిచిపోయినదాన్ని తీసుకున్నా సరే నిలబడాలి. ఇది తెలిసిన రోజు నాకు చేతికి ఆయుధం దొరికినట్టయింది.

తర్వాత సంబంధాల పాఠం వచ్చింది. సారు బోర్డు మీద మూడు గుణాలు రాశాడు. మొదటిది నాకు నీతో సంబంధం ఉంటే నీకూ నాతో ఉండటం. దాన్ని సిమెట్రిక్ అంటారు. నాకు నీతో, నీకు ఇంకొకరితో ఉంటే, నాకూ వారితో ఉండటం ట్రాన్సిటివ్. ప్రతి ఒక్కరికీ తమతో తమకే సంబంధం ఉండటం రిఫ్లెక్సివ్. మొదటి రెండూ ఉంటే మూడోది దానంతటదే వస్తుందని నాలుగు లైన్లలో నిరూపించి, "రాసుకోండి, పరీక్షకు వస్తుంది" అన్నాడు. మొదటి లైనులోనే "a కి b తో సంబంధం ఉందనుకుందాం" అని ఉంది.

నా పెన్ను కదల్లేదు. అసలు a కి ఎవరితోనూ సంబంధం లేకపోతే?

నాకు మా పక్కింటాయన గుర్తొచ్చాడు. మా గల్లీలో అందరూ సేఠ్‌ల దగ్గర నూలు తెచ్చుకుని బట్ట నేసేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కడే సేఠ్. ఒకే సేఠ్ దగ్గర తెచ్చుకునే ఇద్దరికి సంబంధం ఉందనుకుంటే, మొదటి రెండు గుణాలూ ఉన్నట్టే. కానీ పక్కింటాయన సాంచాలు బట్టల గిరాకీ మందగించిన కాలంలో తుక్కుకు పోయాయి. ఆయనకు ఏ సేఠూ లేడు. కాబట్టి ఆయనకు ఎవరితోనూ సంబంధం లేదు, తనతో తనకు కూడా.

లేచి నిలబడ్డాను. మరాఠీలో మొదలుపెట్టాను.

"ఇంగ్లిష్ మే బోలో" అన్నాడు సారు.

ఇంగ్లిష్ రాలేదు. నడిచి వెళ్లి చాక్‌పీస్ తీసుకుని a, b, c అని మూడు చుక్కలు పెట్టాను. a కి తనతో, b కి తనతో, a, b లకు ఒకరితో ఒకరికి బాణాలు గీశాను. c ని ఒంటరిగా వదిలేశాను. దాన్ని వేలితో చూపించి, "నాట్ రిఫ్లెక్సివ్" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు బోర్డు తుడిచేసి, "చెప్పింది రాసుకో, కూర్చో" అన్నాడు.

వారం తర్వాత పెట్టిన క్లాసు పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చాడు. 'ఇది నిరూపించలేం, ఇది తప్పు' అని రాసి, కింద ఆ మూడు చుక్కలు గీశాను. అయిదుకు సున్నా వచ్చింది. పైగా, క్లాసులో నేను తనను అవమానించానని విభాగాధిపతి మేడంకు ఫిర్యాదు చేశాడు. క్షమాపణ పత్రం రాసి తెమ్మన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చాక, కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడు ఇంట్లో చెప్పాను. బాపు భయపడ్డాడు.

"సారుతోని లడాయి ఎందుకు బిడ్డా? మాఫీ అడుగు, అయిపోతది."

"గాయన చెప్పింది తప్పు బాపూ."

"గట్లని నీకెట్ల తెలుసు?"

పక్కింటాయన సంగతి చెప్పాను. బాపు పక్కింటి వైపు చూశాడు. "అవు, ఆయనకు సేఠే లేకపాయె" అన్నాడు మెల్లగా. "మరి సారుకు గంత చిన్న ముచ్చట ఎట్ల తెల్వలే?"

అవ్వ కండెల బుట్ట పక్కకు జరిపింది. "తప్పు ఆయనది. మాఫీ ఇదెందుకు అడుగుతది? రాయకు."

రాయలేదు. మరుసటి రోజు ఖాళీ చేతులతో మేడం గదికి వెళ్లాను. ఆమె నా జవాబు కాగితం చూసి, మరాఠీలో నెమ్మదిగా అంది:

"నువ్వు రాసింది సరైనదే. కానీ ఆయన సీనియర్. ఒక్క కాగితం రాసివ్వు, మార్కులు వేయిస్తాను."

"సరైనదైతే కాగితం ఎందుకు మేడం?"

"అయిదు మార్కులు పోతాయి."

"పోనివ్వండి."

అబద్ధం చెప్పను, బస్సులో ఏడ్చాను. సారు తెలియక తప్పు చెప్పాడు. మేడం తెలిసి ఊరుకుంది. నన్ను ఏడిపించింది ఆ రెండోదే.

ఆ సున్నా అట్లాగే ఉండిపోయింది. యూనివర్సిటీ పరీక్షలో మాత్రం ఆ పేపరు మంచి మార్కులతో పాసయ్యాను. మొదటి రోజు నవ్వినవాళ్లలో కొందరు మళ్లీ రాయాల్సి వచ్చింది. నాకు సంతోషమేసింది. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడను.

మరుసటి ఏడు మొదటి సంవత్సరంలోకి కొత్తగా మరాఠీ మీడియం అమ్మాయిలు వచ్చారు. సారు వాళ్ల చేతా చేతులెత్తించాడట. సంబంధాల పాఠంలో ఆ నిరూపణ ఒక్కటి మాత్రం చెప్పకుండా దాటేశాడట. తప్పని ఒప్పుకోలేదు, వదిలేశాడంతే.

నేను వదల్లేదు. క్లాసులు అయిపోయాక ఖాళీ గదిలో వాళ్లను కూర్చోబెట్టి, మరాఠీలో, హిందీలో, మా వాళ్లమ్మాయి ఒకతె ఉంటే ఆమెకు తెలుగులో, మొదటి పేజీ నుంచి చెప్పడం మొదలుపెట్టాను. రెండో వారంలో, ముందు బెంచీలోని ఆ తెలుగమ్మాయి బట్టీ పట్టకుండా తనే ఆలోచించి రాసిన జవాబు చూపించి భయంగా అడిగింది:

"అక్కా, గిట్ల రాస్తే సారు మార్కులు కోస్తడా?"

"కోస్తడు కావచ్చు" అన్నాను. "అయినా రాయి."