మొదటి కుర్చీలో శ్రీ

మొన్న ఆదివారం మా కోడలు, గృహప్రవేశం మొదలుకొని నా షష్టిపూర్తి దాకా ఇంట్లో ఉన్న ఫోటోలన్నిటినీ బొటనవేలంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ, అదే ల్యాప్‌టాప్‌లో గుత్తి వంకాయ వండే విధానం చూస్తూ కూర్చుంది. ఒకపక్క వేల ఫోటోలు బిలబిలమంటూ పోతున్నాయి, ఇంకోపక్క ఆ వంటావిడ వేరుశనగలు వేయిస్తూనే ఉంది, ఒక్క క్షణమైనా బొమ్మ ఆగలేదు, మాట తెగలేదు. నేను ఊరుకోవచ్చు కదా. గొంతు సవరించుకుని, ఈ విద్యను చిత్తూరు జిల్లా మొత్తంలో మొట్టమొదట యంత్రానికి నేర్పినవాణ్ణి నేనేనమ్మా, అదీ ఒక్కణ్ణే, ఏ పుస్తకమూ ముట్టకుండా, మూడంటే మూడు రోజుల్లో అన్నాను. మా కోడలు తల ఎత్తకుండానే, "అట్లనా మామా, అయితే ఈ వంకాయలు కోసిపెట్టండి" అంది.

వంకాయలు కోస్తున్నంతసేపూ ఆ మాటలే నములుతూ ఉన్నాను. ఈ తరానికి నమ్మకం లేకపోయినా, చేతివేళ్ల మీద సోల్డరింగ్ మచ్చలూ చొక్కా జేబులో ఫ్లాపీలూ పెట్టుకుని తిరిగిన నా ఈడు వాళ్లు చదువుతారు కదా అని ఇది మొదలుపెట్టాను. మూడు రోజుల మాట మాత్రం ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగు నెలలు పట్టింది. మిగతా వాటి సంగతి దారిలో చూసుకుందాం.

ఎనభైల నాటి మాట ఇది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద, మోటారు పంపులు అమ్మే అంగడి పైన రెండు గదుల మేడలో మా వర్క్‌షాపు ఉండేది. కాలేజీలో పాఠాలు చెప్పుకునే సారు ఒకాయన ఆ ఉద్యోగం వదిలేసి, మన ఊళ్లో మనమే కంప్యూటర్లు కడదామని బయలుదేరాడు. ఆయన కింద ఇద్దరమే. వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చి ప్రోగ్రాములు రాసే నేను, చిత్తూరు బజారులో తరతరాలుగా గడియారాలు బాగుచేసే ఇంటినుంచి వచ్చిన ఒక మిత్రుడు. అతన్ని అందరమూ భాయి అనేవాళ్లం. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి కూడా తగలకుండా అతను తీగలు అతికిస్తుంటే, పక్కన నిలబడ్డవాళ్లం మేమూ ఊపిరి పట్టుకునేవాళ్లం. నాకు అటువంటి చేతులు లేవు. నాకు నోరుంది.

మాకు దొరికిన మొదటి పెద్ద పని బంగారుపాళ్యంలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీది. తోతాపురి కాపు దిగగానే గుజ్జు తీసి, కాచి, డబ్బాల్లో నింపి విదేశాలకు పంపేవాళ్లు. కాచేటప్పుడు వేడి ఎంత ఉందో క్షణక్షణమూ రాసి చూపించాలి, ఆ పట్టీలో ఒక్క ఖాళీ కనిపించినా ఆ విడత గుజ్జునంతా పక్కన పెట్టేస్తారు. మా కంప్యూటరు ఆ వేడిని సెకనుకొకసారి విని, ఫ్లాపీ డిస్కు మీద రాయాలి. వినడం బాగానే వింటుంది, రాయడమూ బాగానే రాస్తుంది, కానీ రాసేటప్పుడు వినదు. అదీ జబ్బు.

ఎందుకో చెప్తాను. కాఫీ హోటలు యజమాని ఒకడున్నాడనుకోండి. గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల మాట వినవలసింది అతనే, హాల్లో కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని బయట నిలబడ్డ బస్సు ఎక్కించవలసిందీ అతనే. బస్సు దగ్గర ఉన్నంతసేపు గల్లా దగ్గర ఎవరు ఏం అరిచినా చెవిన పడదు. ఆ యజమాని మా ప్రాసెసర్, హాలు మెమరీ, బస్సు డిస్కు. ఈ బాధ తీరాలంటే సర్వరును ఒకణ్ణి పెట్టుకోవాలి. ఫలానా కుర్చీ నుంచి ఇంతమందిని బస్సు ఎక్కించు, అయిపోయాక గంట కొట్టు అని అతనికి చెప్పేసి యజమాని గల్లా వదలకుండా ఉంటాడు. దాన్నే డీఎంఏ అనేవాళ్లం. ఆ సర్వరు ఒక చిన్న చిప్పు, దాన్ని పెట్టి డిస్కు కార్డును చేత్తో కట్టింది భాయి. ఆ సర్వరుకు ఎప్పుడు ఏం చెప్పాలో, గంట మోగాక ఏం చేయాలో తెలిసిన ప్రోగ్రామును డ్రైవర్ అంటారు, మా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాన్ని రాసింది నేను.

పుస్తకం ముట్టలేదన్నది కూడా అక్షరాలా నిజమే. ముట్టింది భాయి. మద్రాసు నుంచి తెప్పించిన ఆ చిప్పు తాలూకు జిరాక్సు కాగితాలను అతనే వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివి, నాకు అప్పజెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. ముందు సర్వరుకు చెప్పి తరువాత డిస్కుకు చెప్పాలని తెలియక, డిస్కుకే ముందు చెప్పేసి నెల రోజులు పోగొట్టాను. పని కుదిరిన నాడు మాత్రం, ఫ్లాపీ మోటారు గుర్రుమని తిరుగుతూ ఉండగానే తెర మీద వేడి అంకెలు ఒక్కటీ తప్పకుండా మారుతుంటే, సారు కుర్చీలోంచి లేచి మా ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఆ గుర్రు చప్పుడు కంటే మంచి సంగీతం నేను వినలేదంటే, ఇందులో మాత్రం అతిశయోక్తి లేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. మా నాయన కార్డు ముక్క రాసినా, చాకలి పద్దు రాసినా పైన శ్రీ లేనిదే కలం కదిపేవాడు కాదు. ఆ అలవాటు కొద్దీ నేను ప్రోగ్రాము మొదలుపెట్టిన రోజే, దాని నెత్తిన, అంటే హాల్లో మొట్టమొదటి కుర్చీలో, నక్షత్రం గుర్తులతో పేర్చిన పెద్ద శ్రీని కూర్చోబెట్టాను. మిషన్ వేయగానే తెర నిండా అది వచ్చేది. సారు మురిసిపోయాడు. నీకేమైనా పెట్టమంటావా అని భాయిని అడిగితే, "నాది కార్డు మూల మీద ఉండాది లేప్పా" అని నవ్వాడు. చూస్తే నిజంగానే సూదిమొనతో ఏడు, ఎనిమిది, ఆరు గీసి ఉన్నాయి.

ఫ్యాక్టరీలో ఒక రోజు పరీక్ష పెట్టారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టీలో ఒక్క తప్పూ లేకుంటే మిషన్ ఉంటుంది, మా వర్క్‌షాపూ ఉంటుంది. లేకుంటే సారు మళ్లీ కాలేజీకి, నేను ఏదో గుమాస్తా పనికి. భాయి పరిస్థితి అంతకంటే ఇరుకు. ఇంటి అంగట్లో ఉన్న ఒక్క బల్ల ముందు వాళ్ల అన్న కూర్చున్నాడు. పైగా చేత్తో కట్టిన కార్డు కాబట్టి, ఏం తప్పు వచ్చినా ముందు వేలు చూపించేది అతని మీదికే. ముందురోజు సాయంత్రం నేను ప్రోగ్రాముకు చిన్న చిన్న మెరుగులు దిద్ది, ఫ్లాపీకి పసుపు బొట్టు పెట్టి సంచిలో వేసుకున్నాను.

పొద్దున ఫ్యాక్టరీలో బాయిలర్ల మేస్త్రి మిషన్ వేశాడు. శ్రీ కనిపించగానే చెంపలు వేసుకున్నాడు. మధ్యాహ్నం ఫ్లాపీ తీసి, ఆఫీసు గదిలో ప్రింటరున్న ఇంకో కంప్యూటరులో పెట్టి పట్టీ అచ్చు తీస్తే, ప్రతి విడత చివరా అంకెలు ఉండవలసిన చోట నక్షత్రాలు! తిన్నని వరసలు కూడా కావు, మా శ్రీ నెత్తిమీది గుడిదీర్ఘం వంపు ముక్కలు ముక్కలుగా. నేను కాగితాన్ని బల్ల మీద పెట్టేశాను. మేస్త్రి మాత్రం కాగితాన్ని కళ్లకు అద్దుకుని, "సూడండి సామీ, గుజ్జు కాగేతప్పుడు ఎంకన్నే వచ్చి సంతకం పెట్టిపోయినాడు" అన్నాడు. ఆ మాట యజమాని దాకా పోయి, శుభసూచకమో ఏమో అని ఆయన మాకు మరో రోజు గడువిచ్చాడు. మమ్మల్ని ఆ పూట కాపాడింది నా డ్రైవరు కాదు, ఆ మేస్త్రి భక్తి.

సారు ముఖం చిన్నదైపోయి, కార్డు చూడు భాయీ అన్నాడు. అంతే. ఆ మాటలో కోపం కూడా లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. భాయి షెడ్డు కింద పండ్ల పెట్టె ఒకటి బోర్లించి, దాని మీద కార్డు పెట్టుకుని, చుట్టూ ఈగలు ముసురుతుంటే ఒక్కో అతుకూ విప్పి మళ్లీ అతికించడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి అట్టముక్కతో విసురుతున్నాను. తల ఎత్తకుండా అడిగాడు.

"నిన్న ప్రోగ్రాములో ఏమన్నా మార్చినావా అప్పా?"

"ఏమీ లేదే" అన్నాను.

మంచిది అన్నట్టు తల ఊపి, తరువాతి అతుకు అందుకున్నాడు. సాయంత్రం దాకా అన్నీ విప్పి అతికించాడు. పొద్దు వాలే వేళకు కార్డును తిరిగి బిగించి చూసి, అతనే మిషన్ ఆపి వచ్చాడు. చిత్తూరు దాకా బస్సులో ఆ జిరాక్సు కాగితాలే తిరగేస్తూ కూర్చున్నాడు.

మరుసటి రోజు పొద్దున భాయి సారు ముందర ఆ జిరాక్సు కాగితాల్లో ఒకటి పరిచాడు. ఎర్ర గీత కొట్టిన ఒక వాక్యం. మెమరీ అంటే ఒకే హాలు కాదు, వరసగా పక్కపక్క హాళ్లు, మా సర్వరుకు ఒక హాలుకు అరవై ఐదు వేల ఐదు వందల ముప్పై ఆరు కుర్చీల వరకే లెక్క వచ్చునట. మనుషులు చివరి కుర్చీ దాటి పక్క హాల్లోకి కూడా కూర్చుని ఉంటే, అతను పక్క హాల్లోకి పోడు, అదే హాల్లో మొదటి కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చి అక్కడున్నవాళ్లను లేపి బస్సు ఎక్కిస్తాడు. డిస్కుకు పోవలసిన వేడి అంకెలకు నేను చోటిచ్చింది హాలు చివర. లెక్కపెట్టి చూస్తే చివరి కొన్ని అంకెలు గోడ దాటి పక్క హాల్లో కూర్చున్నాయి. వాటికి బదులు బస్సెక్కింది మొదటి కుర్చీలో ఉన్న శ్రీ.

కార్డుది తప్పు కాదన్నమాట. సారు నా వైపు తిరిగాడు. నేను వెంటనే చేతులు జోడించి, నాదే తప్పు సార్, భక్తి ఎక్కువై పెద్ద శ్రీ పెట్టాను, అది చోటంతా తినేసి అంకెలను గోడ దాటించింది అన్నాను. శ్రీ పెట్టినందుకు ఎవరు మాత్రం తిడతారు? సారు నిట్టూర్చి తీసేయమన్నాడు. తీసేశాను. అంకెలన్నీ జరిగి హాల్లోకి వచ్చేశాయి. మేస్త్రి ఒక్కడే నొచ్చుకుని, కంప్యూటరు నుదుటి మీద కుంకుమతో తానే శ్రీ దిద్దుకున్నాడు. సాయంత్రం దాకా పట్టీలో ఒక్క నక్షత్రం లేదు, ఒక్క ఖాళీ లేదు. ఆ కాపంతా మా మిషన్ నడిచింది, వర్క్‌షాపు నిలిచింది, భాయి తన బల్ల ముందు తాను కూర్చున్నాడు.

కాబట్టి కోడలితో అన్న మాటను ఇలా దిద్దుకుంటున్నాను. మూడు రోజులు కాదు నాలుగు నెలలు, ఒక్కణ్ణి కాదు ఇద్దరం, పుస్తకం లేకుండా కాదు భాయి చదివిన పుస్తకంతో. జిల్లాలో మొట్టమొదట అన్నది మాత్రం ఉంచుకుంటాను, కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. శ్రీ వల్ల భాయి ఒక మధ్యాహ్నమంతా ఈగల మధ్య పడిన పాటు నా ఖాతాలోనే వేసుకుంటున్నాను.

ఇప్పటి సర్వర్లకు హాళ్లన్నీ తెలుసు. గోడలెక్కడున్నాయో వాళ్లే చూసుకుంటారు, గంట కొట్టినట్టు కూడా మనకు తెలియదు. మోటారు లేదు కాబట్టి గుర్రుమనదు. చెడిపోతే విప్పి చూసేవాడు లేడు, చెత్తబుట్టలో వేసి ఇంకొకటి తెప్పించుకుంటాం. ఇదంతా మంచికే, ఫోటోలు పోతుంటే వంకాయ కూర ఆగకపోవడం మంచిదే. కానీ మొదటి కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టామో తెలిసి పనిచేసిన రోజులు వేరు. తప్పు జరిగితే దాని వెనక ఒక మనిషి ముఖం కనిపించేది. ఇప్పుడు తప్పులకు ముఖాలు లేవు.

ఇంతవరకు రాసి, మెచ్చుకుంటాడు కదా అని చిత్తూరులో ఉన్న భాయికి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. ఎక్కడా అడ్డు రాకుండా విన్నాడు. అప్పుడు అన్నాడు.

"అంతా బాగుండాది గానీ, ఆ శ్రీ మీదికి యాల తోస్తావప్పా? శ్రీ మొదటి రోజు నుంచి ఆడే ఉన్నింది, నాలుగు నెల్లు ఏమన్నా అయ్యిందా? పరీక్షకు ముందురోజు నువ్వు కొత్తగా ఎక్కించింది నీ పేరు, అంకెల్ని గోడ దాటించింది అదే. మిషన్ ఆపేతప్పుడు తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా నక్షత్రాల్లో నీ పేరు వచ్చె. ఆ సాయంత్రం ఆపింది నేనే కదా, సూడలేదనుకున్నావా? ఆ కాపంతా రోజూ సూసినా. దేవుణ్ణి దించేసి నీ పేరు మాత్రం అట్లే పెట్టుకున్నావు. ముందు అది రాయి."