మూడున్నర సైరన్

మా నాన్న ఇంటికి అలారం కట్టింది దొంగల భయంతో కాదు, దొంగల మీద పంతంతో. తొంభైల మధ్యలో, భిలాయి సెక్టర్ 6లో మా వెనక వీధి క్వార్టర్‌కి పట్టపగలు తాళం పగలగొట్టి టేప్ రికార్డరు, రెండు ఇత్తడి బిందెలు పట్టుకుపోయారు. నాన్న స్టీలు ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం. ఫర్నేసులో వేడి ఒక గీత దాటితే గంట కొట్టించే మనిషి, తన తలుపు ఎవడో తీస్తే తనకు తెలియకపోవడం నామోషీ అనుకున్నాడు.

మూడు ఆదివారాలు పవర్ హౌస్ బజారంతా తిరిగి సామాన్లు తెచ్చాడు. తలుపు రెక్కకి చిన్న అయస్కాంతం, దాని పక్కనే గుమ్మం చెక్కలో అగ్గిపుల్లంత గాజుగొట్టం. గొట్టంలో రెండు సన్నటి రేకులు. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం ఆ రేకుల్ని కలిపి ఉంచుతుంది, కరెంటు తిరుగుతూ ఉంటుంది. తలుపు తీస్తే రేకులు విడిపోతాయి, కరెంటు తెగుతుంది, తెగగానే అలారం మొదలవుతుంది. దొంగ తెలివిమీరి వైరు కోసినా అంతే. తలుపు మళ్ళీ మూసేసినా ఆగదు. కరెంటు పోయిన రోజు కూడా పని చెయ్యాలని కారు బ్యాటరీ ఒకటి అటక మీద పెట్టాడు. ఆపడానికి ఒకటే స్విచ్చి, వరండాలో మీటరు పెట్టె వెనక. అసలు అలారం సంగతే అమ్మకీ, నాకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదని గట్టిగా చెప్పాడు. రక్షణంతా ఆ గుట్టులోనే ఉందట.

మొదట బజర్ పెట్టాడు. అది మోగితే పక్కింటివాళ్ళు కుక్కర్ అనుకుంటారని తీసేసి, మోటారు సైరన్ తెచ్చాడు. సన్నగా మొదలై పైకి పైకి లేచే కూత. అచ్చం ప్లాంటు సైరన్‌కి తమ్ముడు.

"ఈ ఊళ్ళో ఈ చప్పుడికి బయటికి రానోడు ఉండడు," అన్నాడు. ఆ మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

మా తాళం చెవి ఒకటి ఎప్పుడూ ఎదురింటి పిన్ని దగ్గర ఉండేది. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరిదీ విజయనగరం వైపే అని తేలిన రోజునే ఆవిడ అమ్మకి చెల్లెలైపోయింది, నాకు పిన్ని అయిపోయింది. మేం ఊళ్ళో లేనప్పుడు వచ్చి నీళ్ళు పట్టేది, పాలు కాచేది. బాబాయి, అంటే ఆవిడ భర్త, ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని.

"చెల్లికైనా చెప్పకపోతే ఏటనుకుంటాది?" అంది అమ్మ.

"ఒకరికి చెప్తే బ్లాకంతటికీ చెప్పినట్టే. నీ చెల్లి నోట్లో నువ్వుగింజ నానుతాదేటి?" అన్నాడు నాన్న.

అమ్మ పిన్నికి చెప్పలేదు. నాన్నతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

తరవాతి ఆదివారం కుమ్హారిలో నాన్న స్నేహితుడి ఇంట్లో అన్నప్రాశన. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం కదా, పిన్నికి మా ఇంటితో పనేం పడుతుందిలే అనుకుని అలారం స్విచ్చి వేసి వెళ్ళాం. అమ్మ వెనక తీగ మీద బట్టలు ఆరేసి వచ్చింది.

మేం లేనప్పుడు జరిగింది ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు. అన్నీ కలిపితే ఇంత. మధ్యాహ్నం మూడున్నరకి వాన పట్టుకుంది. పిన్ని పరిగెత్తి తన బట్టలు లోపల పడేసి, మా బట్టలు కూడా తీగ మీంచి లాగి, కొంగున ఉన్న చెవితో మా తలుపు తీసింది. సైరన్ కూసింది.

మూడున్నరకి ఏ షిఫ్టూ మారదు. వేళకాని వేళ సైరన్ మోగిందంటే ఆ ఊళ్ళో దానికి అర్థం ఒక్కటే, ప్లాంటులో ప్రమాదం. బాబాయి రెండింటికే డ్యూటీకి వెళ్ళాడు. కూత తన నెత్తి మీదే మోగుతున్నా, అది తన మీద మోగుతోందని ఆవిడకి తట్టలేదు. తలుపు బార్లా వదిలేసి, చెప్పుల్లేకుండా, చంకలో మా బట్టల మూటతో వానలో రోడ్డు మీదికి పరిగెత్తింది.

మిగతా ఆడవాళ్ళూ అలాగే పరిగెత్తుకొచ్చారు. కూత ప్లాంటు వైపు నుంచి కాదు, మా ఇంట్లోంచి అని తేలడానికి కొంతసేపు పట్టింది. తేలాక వాళ్ళ భయమంతా కోపమైంది. ఎదురుగా పిన్ని కనిపించింది.

"దీదీ, యే కప్డే లేకే కహాఁ భాగ్ రహీ హో?" అని, ఈ బట్టలతో ఎక్కడికి పారిపోతున్నావని మూట పట్టుకుని నిలదీశాడు పై అంతస్తు భయ్యా.

"ప్లాంటులో ఏటయింది బాబూ? ఏటయింది?" అని పిన్ని ఆయన్నే అడిగింది.

చెవి అక్కే ఇచ్చిందని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. చెవి ఇచ్చినవాళ్ళు అలారం సంగతి చెప్పరా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటివాళ్ళు వచ్చేదాకా కదలొద్దని ఆవిడని మా మెట్ల మీద కూర్చోబెట్టారు. రెండు గంటలు కూర్చుంది.

మేం ఆటో దిగేసరికి బ్యాటరీ నీరసించి సైరన్ మూలుగుతోంది. నాన్న స్విచ్చి ఆపాడు. మూటలో అమ్మ చీరలు, నా స్కూలు యూనిఫాం. "ఆవిడ మా మనిషే," అని అందరికీ చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. అయస్కాంతం, రేకులు అన్నీ చూపించి, "సిస్టం మాత్రం కరెక్టుగా పని చేసింది," అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు. ఆ ఒక్క మాటకి నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే.

మూట అమ్మ చేతికిచ్చి పిన్ని తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. కాసేపాగి అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. పిన్ని తల తుడుచుకుంటోంది. ఏడవలేదు, తిట్టలేదు. కాఫీ పెట్టనా అని కూడా అడిగింది.

"మీ బావ సంగతి నీకు తెలీదేటి, ఆ మనిషంతే..." అని మొదలుపెట్టింది అమ్మ.

"బావగారి సంగతి కాదు అక్కా. ఆ సైరను పెట్టినట్టు నీకు తెల్సా?"

అమ్మ అబద్ధం ఆడుతుందనే అనుకున్నాను. ఆడితే బాగుండుననీ అనుకున్నాను.

"తెలుసు," అంది.

పిన్ని కొంగు ముడి విప్పి తాళం చెవి బల్ల మీద పెట్టింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళింది. అమ్మ ఆ చెవి తీసుకోలేక, వదిలి రాలేక అలాగే నిలబడిపోయింది. చివరికి నేనే తీశాను. నాకూ తెలుసు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.