గవర్నమెంటు కవరు

ఆ రోజు నా కెనడా డైరీలో ‘కిచెనర్ నుంచి మిస్సిసాగాకు బస్సు, వాన’ అని మాత్రమే రాసుకున్నాను. పక్క సీటావిడ గురించి ఇప్పుడే రాస్తున్నాను.

ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. నా చేతిలో తెలుగు పుస్తకం చూసి, సంచీలోంచి ఉత్తరాల కట్ట తీసింది.

“అంకుల్, నాకంత ఇంగ్లీషు రాదు. ఇవి చదివి చెప్తారా? టాక్స్ ఆఫీసువి. మావారు పోయాక ఆయన టూల్‌బాక్సులో దొరికాయి.”

ఆవిడది చిన్న కేటరింగ్ వ్యాపారమట. బిల్లుల మీద వసూలైన అమ్మకపు పన్నును ప్రతి శనివారం లెక్కగట్టి ఒక కవర్లో పెట్టేది. చర్చికిచ్చే దశమభాగానికి ఇంకో కవరు.

“చర్చి కవరు నేనే ఇచ్చొచ్చేదాన్ని. గవర్నమెంటు కవరు ఆయన చేతికిచ్చేదాన్ని. రిటర్న్స్ ఫైల్ చేసేది ఆయనే కదా అని.”

ఉత్తరాలను తేదీల వరుసలో పేర్చుకుని చదివాను. నాలుగేళ్ళవి. చివరిదాంట్లో బ్యాంకు ఖాతా స్తంభింపజేస్తామని ఉంది.

“ఒక్కసారైనా కట్టారా అంకుల్?”

“లేదమ్మా. రిటర్న్ కూడా వెయ్యలేదు.”

“అడిగినప్పుడల్లా కట్టేశాననేవారు,” అంది. ఏడవలేదు.

అంతలో ఫోను మోగింది. కూతురి గొంతు నాకూ వినిపించింది: “మామ్, డిడ్ డాడ్ పే ఇట్?”

“మీ డాడీ డబ్బూ కాయితాలూ అన్నీ టైముకే నా చేతికిచ్చారమ్మా. నేనే కట్టడం, ఫైల్ చెయ్యడం మర్చిపోయా. కేటరింగ్ ఆపేసి ఎక్కడైనా పనికెళ్ళి ఈ బాకీ తీర్చేస్తాలే. నువ్వు బెంగపడకు.”

ఫోను పెట్టేశాక నావైపు చూడలేదు. నేను ఉత్తరాలు మడిచి, చప్పుడు కాకుండా ఆవిడ సంచీలో పెట్టాను.