మునసబు కోరిన పట్టాభిషేకం

కోటబొమ్మాళికి రెండు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో మొట్టమొదటి మేడ మునసబు నరసింగరావుది. 1968 వేసవిలో దాని గోడలకు వేసిన సున్నం ఆరకముందే ఆయన నడక మారిపోయింది.

గృహప్రవేశానికి మూడు రోజులు పురాణం చెప్పించాడు. చివరిరోజు పట్టాభిషేక ఘట్టం చదవడం అక్కడి ఆనవాయితీ. రాజు గొప్ప చెప్పగానే డప్పు మోగుతుంది. చెప్పించిన గృహస్థు మెడలో దండ పడుతుంది. నరసింగరావుకు ఒక్క దండ చాలలేదు. పేటలోని పంతొమ్మిది క్రైస్తవ కుటుంబాలు కూడా తనను రాజుగా చూడాలని ఆయనకు తోచింది. మర్నాడు వాళ్ల పుస్తకంలోని పెద్ద రాజు కథ చదవమని దాలమ్మకు కబురు పెట్టాడు.

దాలమ్మ పేటలో బైబిలు చదివి వినిపించే మనిషి. బంజరు మీద తాటాకు పాక వేసి, ఆరేళ్లుగా ఇరవై ముగ్గురు పిల్లలకు అక్షరాలు నేర్పుతోంది. ఆ పాక నిలవాలంటే మునసబు సంతకం కావాలి. ఏడాదిగా ఆయన పెట్టెలో పడి ఉన్న కాగితం మీద, చదువు ముగిసిన క్షణంలోనే సంతకం చేస్తానని ఆ కబురులోనే ఉంది.

అంత పెద్ద గ్రంథంలో పొగడ్తకు పనికొచ్చే రాజును వెతకడం దాలమ్మకు కష్టమే అయింది. చివరికి బబులోను రాజును ఎంచుకుంది. ఆయనకూ మేడ ఉంది.

మేడ మీద పందిరి వేశారు. నరసింగరావు కుర్చీలోనూ, పేటవాళ్లు నేలమీదా కూర్చున్నారు. కరణం జగన్నాధం కాగితం, కలం పట్టుకుని నిలబడ్డాడు. రాజు తన మేడ మీద పచార్లు చేస్తూ, ఇంతటి పట్టణం నా బలంతోనే లేచిందని చెప్పుకున్నాడని దాలమ్మ చదివింది. నరసింగరావు వేలు ఎత్తాడు. డప్పు మోగింది. బంతిపూల దండ మెడలో పడింది. కరణం కలం మూత తీశాడు.

“సాలు దాలమ్మా, అక్కడితో ఆపీ,” అన్నాడు కరణం మెల్లగా.

ఆపితే పాక నిలుస్తుంది. కానీ ముందు వరుసలో ఆమె పిల్లలున్నారు. పాఠం సగంలో ఆపినవాళ్ల చేత మళ్లీ మొదటినుంచి చదివించడం ఆమె పద్ధతి. ఇప్పుడు వాళ్లంతా ఆమెనే చూస్తున్నారు.

“ఇంకా ఉన్నాది, బాబూ,” అంది దాలమ్మ.

ఆ గొప్ప ఇంకా రాజు నోట్లో ఉండగానే పైనుంచి తీర్పు దిగిందని చదివింది. రాజ్యం పోయింది. మనుషులు తరిమేస్తే, ఆ రాజు ఏడేళ్లు ఎద్దుల్లా గడ్డి మేశాడు. గోళ్లు పక్షిగోళ్లలా పెరిగాయి.

డప్పు పట్టుకున్నవాడు తల దించుకున్నాడు. నరసింగరావు పొలంలో నాగలి పట్టే గంగులుకు మాత్రం నిజంగానే సందేహం వచ్చింది.

“వదినా, దండ ఏసీసినాక మేసినాడా, ముందే మేసినాడా?”

నవ్వులు కండువాల్లోనూ కొంగుల్లోనూ దాగాయి. నరసింగరావు దండ తీయడం కూడా మరిచి కిందికి దిగిపోయాడు. కరణం కలానికి మూత పెట్టాడు.

మూడోరోజు పొద్దున్నే పాక పీకించారు. ఆక్రమణ తొలగించడం ప్రభుత్వ విధి కాబట్టి, ఆ తాటాకును మునసబు ఎద్దులశాల మీద కప్పించారు. విధి నిర్వహణలో అంతటి పొదుపు ఆ ఊరు అంతకుముందు ఎరగదు.

ఖాళీ బంజరులో పిల్లల్ని కూర్చోబెడుతున్న దాలమ్మ దగ్గరికి గంగులు వచ్చాడు.

“ఆ రాజుకి ఆకరికి బుద్ధొచ్చినాదేటి?”

“ఏడేళ్లకొచ్చినాది.”

“మరి మన మునసబు బాబుకో?”

“ఇయ్యాలికి మూడ్రోజులే కదా అయినాది,” అని దాలమ్మ పలకలు పంచి, మొన్న సగంలో ఆగిన పాఠం మళ్లీ మొదటినుంచి అందుకుంది.