ఊగే బల్ల మీద నేనూ అత్తమ్మా

పెళ్లయి నేను మోత్కూర్ వచ్చిన రెండో ఏడు, అరవైల మొదట్లో, అక్కడి బడిలో సార్లూ పిల్లలూ చేసిన బొమ్మలతో నుమాయిష్ పెట్టారు. మా ఆయనా మామా మగ్గాలు వదిలి రాలేమన్నారు. అత్తమ్మ నన్ను తోడు తీసుకుని బయలుదేరింది.

అప్పటికి మేమిద్దరం నెల రోజులుగా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఏడాదిన్నరగా నేను అమ్మగారింటి గడప తొక్కలేదు. నార్కట్‌పల్లి ఒకసారి పోయొస్తానని అడిగితే, "నువ్వు పోతే కండెలు ఎవలు చుట్టాలె?" అంది. ఆ తర్వాత నేను అడగలేదు, ఆమె పొమ్మనలేదు. రెండు మగ్గాల గుంతలు పోను ఇంట్లో మిగిలింది కొంచెం జాగా. అందులో నేను మగ్గాలకు నూలు కండెలు చుడుతూ కూర్చుంటే నన్ను దాటకుండా ఎవరూ వాకిట్లోకి పోలేరు. నేను లేవాలన్నా ఎవరో ఒకరు పక్కకు జరగాల్సిందే.

బడిలో చివరి గది డ్రాయింగు సారుది. రెండు మంచాలంత పొడవున్న బల్లను సరిగ్గా నడిమధ్యలో రెండు మోకులతో దూలానికి వేలాడదీశాడు. నేలకు మోకాలెత్తున ఉంది. చుట్టూ తెల్లబట్ట కట్టి, రెండు కొసల దగ్గరా దూరేందుకు సందులు వదిలాడు.

"ఇది చూసే బొమ్మ కాదమ్మా, ఎక్కే బొమ్మ. చెరో కొస నుంచి ఒక్కసారే ఎక్కాలె. ఒకలు కదిలితే రెండోవాళ్లకు కాళ్లకింద తెలుస్తది" అన్నాడు. మేము ఎక్కేదాకా బల్లను పట్టుకుని, పక్క గదిలో ఎవరో పిలిస్తే వెళ్లాడు.

బట్ట లోపల అత్తమ్మ ముఖం తప్ప నాకింకేమీ కనబడలేదు. సర్దుకుందామని కాలు వెనక్కి జరిపితే ఆమె వైపు లేచింది. ఆమె జడుసుకుని వెనక్కి తగ్గితే నా వైపు లేచింది. ఇట్లా నాలుగైదుసార్లయ్యాక ఆమె కళ్లు తిరిగి కూలబడింది. మోకులు కిర్రుమన్నాయి. నా వీపుకు సందు దగ్గరి బట్ట తగిలింది. ఒక్క అడుగేస్తే బయటపడతాను. ఆమె కనిపెట్టింది.

"దిగకే! నువ్వు దిగితే నేను కిందవడత."

నేను దిగలేదు. కానీ నోరు ఆగలేదు.

"నన్ను అమ్మగారింటికి తోలుతవా అత్తమ్మా?"

"గా ముచ్చట గిక్కడ అడుగుతవానే?"

"ఇంట్ల అడిగితే ఇనలే గద."

ఆమె రెండు చేతులా అంచు పట్టుకుని నా కాళ్లనే చూస్తోంది. "తోలుత. జర కదలకు బిడ్డా" అంది.

ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు. సంతోషం కలగలేదు. సిగ్గేసింది. సారును కేకేశాను. ఆయన పరుగెత్తుకొచ్చి బల్ల పట్టుకుంటే ముందు ఆమె దిగింది, తర్వాత నేను.

ఇంటికొచ్చాక ఆమె ఆ మాటే ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు. నెలన్నర తర్వాత, మగ్గం మీది పడుగు నేత అయిపోయిన రోజు, తానే నన్ను బస్సు దాకా తీసుకొచ్చి, "నాలుగు పొద్దులే ఉండి రా" అంది.

అమ్మగారింట్లో నేను పెళ్లికి ముందు పడుకునే మూల కొత్త మగ్గం దింపారు. "జర అవుతలకు జరుగు, పిల్లకు జాగియ్యి" అని అమ్మ వదినతో అంది. వదిన కండెల బుట్ట ఎత్తుకుని జరిగింది. రెండు రోజులు నేను ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరికి అడ్డమే అయ్యాను.

మూడోనాడు పొద్దున్నే తిరుగు బస్సెక్కాను.

"అప్పుడే వస్తివేందే?" అని అత్తమ్మ నా చేతిలోని సంచి అందుకుంది.

అందరూ బాగున్నారని చెప్పాను.